కౌమార స్థౌల్యం: బీజదోషమా, క్షేత్రదోషమా?

ఎదిగే వయస్సులోని బాలబాలికల శరీరం ఎత్తుకు తగిన హద్దును దాటి లావెక్కినప్పుడు ఇంటివారు సామాన్యంగా రెండు తీర్పులు చెబుతుంటారు. "మా వంశమే అంత, ఏం చేయగలం?" అన్నది ఒకటి. "నోరు కట్టుకోడు, ఒళ్ళు వంచడు" అన్నది రెండవది. మొదటి తీర్పు ప్రయత్నాన్ని మాన్పిస్తుంది. రెండవది పసిమనస్సును గాయపరుస్తుంది. రెండింటిలోను కొంత సత్యం లేకపోలేదు గాని, రోగనిదానం వాటితో పూర్తి కాదు. ఏ జాతిలో పుట్టినాడు, ఏ స్థితిగల ఇంట పెరిగినాడు, ఏ వీధిలో నివసిస్తున్నాడు అన్న మూడింటినీ కలిపి చూడనిదే కౌమార స్థౌల్యం అర్థం కాదు.

శాస్త్ర దృష్టి

చరకాచార్యుడు సూత్రస్థానంలోని అష్టౌనిందితీయాధ్యాయంలో అతిస్థౌల్యానికి హేతువులను వివరించినాడు. అతిగా భుజించుట, గురు మధుర శీత స్నిగ్ధ పదార్థాలను ఎడతెగక సేవించుట, వ్యాయామం లేకపోవుట, పగటినిద్ర మొదలైన వాటిని పేర్కొని చివర బీజస్వభావాన్ని చేర్చినాడు. అనగా తల్లిదండ్రుల నుండి సంక్రమించే స్వభావం ఆ హేతువులలో ఒకటి మాత్రమే.

ఆ అధ్యాయంలోనే మరొక సూక్ష్మవిషయం కలదు. పెరిగిన మేదస్సు స్రోతస్సులను ఆవరించినప్పుడు వాయువు కోష్ఠంలోనే సంచరిస్తూ జఠరాగ్నిని రగుల్కొల్పుతుంది. తిన్నది త్వరగా జీర్ణమై మరల ఆకలి వేస్తుంది. మేదస్సు ఒక్కటే పెరుగుతూ తక్కిన ధాతువులకు పోషణ తగ్గుతుంది. లావుగా ఉన్న పిల్లవాడు త్వరగా అలసిపోవడానికి, మాటిమాటికి ఆకలి అనడానికి కారణమిదే. ఆ ఆకలి వాని దుర్గుణం కాదు, వ్యాధిలో భాగం.

గర్భోత్పత్తిని చెప్పే సందర్భంలో సుశ్రుతాచార్యుడు మొలకకు ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగు కావలెనన్నాడు. సేద్యం చేసే ప్రతి రైతుకూ తెలిసిన మాట ఇది. ప్రస్తుత విషయానికి దానిని అన్వయించి చూద్దాము. ఋతువు అంటే కౌమారం, ధాతువులు శీఘ్రంగా పెరిగే కాలం. బీజం అంటే జాతి, వంశం. క్షేత్రం అంటే ఇల్లు, వీధి, పాఠశాల. అంబువు అంటే ప్రతిదినం లోనికి పోయే అన్నపానాలు.

నీరు తరలిపోయిన నేల

ఈ నాలుగింటిలో బీజం ఒక్కటే అయి, తక్కినవి మారినప్పుడు ఏమి జరుగుతుందో చూపే ఉదాహరణ అమెరికాలో ఉన్నది. అరిజోనా రాష్ట్రంలో హీలా నది పరిసరాలలో పీమా అనే ఆదివాసులు నివసిస్తున్నారు. వారు తమ భాషలో తమను నదీజనులని చెప్పుకుంటారు. కాలువలు తవ్వి మొక్కజొన్న, గుమ్మడి, చిక్కుడుజాతి గింజలు పండించుకొని, ఎడారి చెట్ల కాయలు ఏరుకొని శ్రమించి బ్రతికిన జాతి అది. 19వ శతాబ్దం చివరి భాగంలో ఎగువన స్థిరపడిన వలసదారులు నదీజలాన్ని మళ్ళించుకొనగా పొలాలు ఎండి కరవు వచ్చినది. తరువాతి కాలంలో ప్రభుత్వం పంచిన తెల్లపిండి, పంచదార, కొవ్వు వారి ముఖ్యాహారమైనవి. సేద్యంతోపాటు శ్రమ కూడా పోయినది. 20వ శతాబ్దం ఉత్తరార్ధానికి ప్రపంచంలోకెల్లా స్థౌల్యం, మధుమేహం మిక్కుటంగా గల జాతులలో ఒకటిగా వారు వైద్యగ్రంథాలకెక్కినారు. పెద్దలకే వచ్చునని భావించిన మధుమేహం పీమా యువకులలోను విరివిగా కలదని 1979లో పరిశోధకులు వెల్లడించినారు.

ఇది కేవలం బీజదోషమని అనుకొన్నవారు అనేకులు. కాని ఆ జాతికే చెందిన మరొక శాఖ మెక్సికో దేశపు సొనోరా కొండలలో నేటికీ సేద్యం చేసుకొంటూ ఉన్నది. ఉభయులలోని వయోజనులను పోల్చిన పరిశీలన 2006లో వెలువడినది. మధుమేహం అరిజోనా పీమాలలో 38 శాతం కాగా, మెక్సికో పీమాలలో 6.9 శాతమే. స్థౌల్యం కూడా మెక్సికోవారిలో ఎన్నో రెట్లు తక్కువ. అదే మెక్సికో ప్రాంతంలో నివసించే ఇతర జాతులవారిలో మధుమేహం 2.6 శాతం. కనుక బీజానికి బలం లేదనరాదు. కాని 6.9ని 38 చేసినది బీజం కాదు, క్షేత్రం, అంబువు. హీలా నదీజనులకు వారి నీటివాటాను తిరిగి ఇచ్చే చట్టం 2004లో గాని రాలేదు.

జాతి, ఆదాయం, వీధి

అమెరికా ప్రభుత్వం 2017 నుండి 2020 మార్చి వరకు జరిపిన సర్వేలో, 2 నుండి 19 సంవత్సరాల వయస్సువారిలో స్థౌల్యం హిస్పానిక్ పిల్లలలో 26.2 శాతం, నల్లజాతి పిల్లలలో 24.8, శ్వేతజాతి పిల్లలలో 16.6, ఆసియా సంతతివారిలో 9 శాతం ఉన్నట్లు తేలినది. ఈ అంకెలను మాత్రమే చూచినవారు జాతియే కారణమని అనుకొనవచ్చును. ఆదాయాన్ని బట్టి చూచినను భేదం కనబడుతుంది. పేద కుటుంబాల పిల్లలలో స్థౌల్యం సంపన్నుల పిల్లలలో కంటె ఎంతో ఎక్కువ.

జాతికి, వీధికి సంబంధం ఎట్లు కలిగినది? 1930లలో అక్కడి ప్రభుత్వ గృహఋణ సంస్థ నగరాల పటాలపై నల్లజాతివారి పేటలను ఎర్రరంగుతో గుర్తించినది. అటువంటి పేటలకు ఋణాలు అందలేదు, పెట్టుబడులు రాలేదు. ఆ అన్యాయం దశాబ్దాల తరబడి నిలిచిపోయినది. 1994, 95 సంవత్సరాలలో ఇరవై వేలకు పైగా కౌమారులను చేర్చుకొన్న ఒక జాతీయ అధ్యయనం ఆధారంగా 2006లో పరిశోధకులు ఒక విషయం నిరూపించినారు. పేదలు, అల్పసంఖ్యాక జాతులవారు నివసించే పేటలలో ఆటస్థలాలు, వ్యాయామశాలలు తక్కువ. అవి ఎక్కువగా ఉన్నచోట పిల్లలు ఎక్కువగా ఆడుతున్నారు. అధిక బరువు తక్కువగా ఉన్నది. ఆడుకొనే చోటు లేని పిల్లవానిని సోమరి అనడం న్యాయమా?

మన తెలుగువారిలో అనేక కుటుంబాలు అమెరికాలో ఉన్నవి గనుక మరొక విషయం గమనింపదగినది. 1998లో వెలువడిన పరిశీలన ప్రకారం, అమెరికాలోనే పుట్టిన ఆసియా, హిస్పానిక్ సంతతి కౌమారులలో స్థౌల్యం, పరదేశంలో పుట్టి అక్కడికి వెళ్ళినవారిలో కంటె రెండు రెట్లకు పైగా ఉన్నది. ఒక్క తరంలో బీజం మారదు. మారినది పళ్ళెం, మారినది దినచర్య.

మన ఇళ్ళలో పరిస్థితి

2016 నుండి 2018 వరకు జరిగిన జాతీయ సమగ్ర పోషణ సర్వేలో, 10 నుండి 19 సంవత్సరాల భారతీయ కౌమారులలో 24 శాతం బక్కచిక్కినవారు కాగా, 5 శాతం అధిక బరువు గలవారు. అయితే ఇక్కడ అధిక బరువు కలిగిన ఇళ్ళలో, పట్టణాలలో ఎక్కువ. అమెరికాలో పేదవానిని పట్టిన వ్యాధి ఇక్కడ ధనవంతుని పట్టినది. ఆ దేశంలో చవకగా దొరికే ఆహారమే మేదస్సును పెంచునది. ఇక్కడ ఆ ఆహారం కొనగలవాడు కలిగినవాడు. స్వల్పధరకే పొట్లాలు, శీతలపానీయాలు ప్రతి ఊరికీ చేరిన నేడు ఈ భేదం ఎంతకాలం నిలుస్తుంది?

మధ్యతరగతి ఇంటి క్షేత్రాన్ని చూడండి. ఆటస్థలం లేని పాఠశాల, అపార్టుమెంటు, సాయంకాలం ట్యూషన్, ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ తెల్లవారుజాము నుండి రాత్రి వరకు కూర్చోబెట్టే హాస్టలు, చేతిలో సెల్‌ఫోను. అలసివచ్చిన బిడ్డకు తల్లి ప్రేమతో పెట్టే బిస్కట్లు, నూడుల్స్. ఇందులో పిల్లవాడు ఎంచుకొన్నది ఎంత?

మన బీజం విషయంలో కూడ ఒక హెచ్చరిక అవసరం. పూనా పరిసర గ్రామాలలో పుట్టిన శిశువులు ఇంగ్లండు శిశువుల కంటె బరువులో ఎంతో తక్కువైనా, కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదని వైద్యులు కనుగొన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూడ 2004లో ఆసియా వయోజనులకు బి.ఎం.ఐ. 25 వరకు ఆగక 23 నుండే జాగ్రత్త పడవలెనన్నారు. సన్నగా కనబడే మన పిల్లవానికి పొట్ట మాత్రమే పెరిగినను ఉపేక్షింపరాదు.

ఆచరణ

1. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకుండ చూచుకొనవలెను. పిల్లలకు పెద్దల బి.ఎం.ఐ. అంకెలు వర్తించవు, భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో ప్రకటించిన ఎదుగుదల పటంతో పోల్చవలెను. రజస్వల అయ్యే కాలంలో బాలికల శరీరం కొంత నిండుట సహజం. దానిని వ్యాధిగా భావించరాదు.

2. స్థూలులకు గురువైనదై, మేదస్సును పోషించని ఆహారం ఇమ్మని శాస్త్రం. యవలు, జొన్నలు, కొర్రలు, అరికలు, పెసలు, ఉలవలు, కందులు, పొట్లకాయ, ఉసిరిక ఇట్టివి. తెల్లబియ్యం కొంత తగ్గించి వీటిని ఇంటిల్లిపాదీ తినవలెను. ఒక్క పిల్లవానికే వేరు వంట చేయుట శిక్షవంటిది.

3. శీతలపానీయాలు, తీపి పళ్ళరసాలు ఇంటికి తేవద్దు. దాహానికి నీరు, పలుచని మజ్జిగ చాలును.

4. రోజుకు గంటసేపు ఒళ్ళు చెమర్చే ఆట ఉండవలెను. 13 ఏళ్ళు దాటినవారికి రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర అవసరం.

5. ఉపవాసాలు, విరేచనాలు, సన్నబడే పొడులు ఎదిగే పిల్లలకు కూడవు. గుగ్గులు కల్పాలైనను వైద్యుని పర్యవేక్షణ లేక ఇవ్వరాదు.

6. మెడ వెనుక చర్మం నల్లబడి మందమగుట, గురక, ఋతుక్రమం తప్పుట, ఎత్తు పెరగక బరువు మాత్రమే పెరుగుట కనబడినచో వెంటనే వైద్యునికి చూపవలెను.

7. పాఠశాలలో చేర్చేటప్పుడు ర్యాంకుల పట్టికతోపాటు ఆటస్థలం ఎంత ఉన్నదని అడగండి. పదిమంది తల్లిదండ్రులు కలిసి అడిగితే క్యాంటీనులోని పదార్థాలు కూడ మారును.

మొలక వాలిపోయినప్పుడు రైతు విత్తనాన్ని తిట్టుతూ కూర్చోడు. మట్టిని తవ్వి చూస్తాడు, నీరు ఎటుపోతున్నదో చూస్తాడు. బీజాన్ని మార్చుట మన చేతిలో లేదు. క్షేత్రాన్ని బాగుచేయుట, అంబువును శుద్ధి చేయుట పెద్దల బాధ్యత. ఆ పని చేయకుండా బిడ్డను నిందించుట తగదు.