పితృఋణము – వంశవృత్తాంత రక్షణము

మానవుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో జన్మించునని శాస్త్రములు చెప్పుచున్నవి. పితృతర్పణ సమయమున తండ్రి, తాత, ముత్తాతల పేర్లను గోత్రసహితముగా చెప్పవలెను. మాతామహ వర్గమునకును అట్లే. పురోహితుడు ముత్తాత పేరడిగినపుడు కర్త మౌనము వహించుట నేడు అరుదు కాదు. పేరే మరచినవాడు ఎవరికి తిలోదకము విడుచును?

పూర్వులు ఈ స్మృతిని రెండు విధముల నిలిపిరి. మొదటిది వాక్కు. వివాహమందు ప్రవర చెప్పుట ఇందులకే. తెలంగాణమున పిచ్చుకుంట్లవారు, నేడు వంశరాజులని వ్యవహరింపబడువారు, రెడ్ల గోత్రములను, వంశకథలను తరతరములుగా గానము చేసిరి. రెండవది లిపి. కాశీ, గయ క్షేత్రముల పండాలు యాత్రికుల వంశనామములను బహీలందు వ్రాసియుంచిరి. తాళ్లపాక వారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయమున శతాబ్దములు భద్రముగా నిలిచి, ఇరువదవ శతాబ్దమున వెలుగు చూచినవి. 1503లో పరమపదించిన అన్నమయ్య జీవితము నేడు మనకు తెలియుటకు ముఖ్యకారణము ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రయే. మనుమడు వ్రాసినందుననే తాత నిలిచెను.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతమందలి మహమ్మద్ నగర్ వంటి గ్రామములకు ఈ విషయము మిక్కిలి అవసరము. సమీపమున మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణము 1923లో మొదలై 1931లో పూర్తియైనది. జలాశయము కొరకు అనేక గ్రామములు తరలిపోవలసి వచ్చినది. ఊరు కదలినచో ఇల్లు, పొలము, గుడి అను గురుతులు పోవును; పెద్దల జ్ఞాపకమే మిగులును. ఆ పెద్దలును నేడు కొలదిమందియే. కావున ముందు వారిని అడిగి వ్రాసికొనవలెను. పిదప 1954–55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారుల పేర్లు సరిచూచుకొనవచ్చును. నిజాం కాలపు పారసీ, ఉర్దూ పత్రములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారమున కలవు.

వ్రాసినదానిని కాపాడుటకు కొన్ని నియమములు కలవు. ఆమ్లము లేని కాగితముపై, వెలిసిపోని నల్లసిరాతో వ్రాయవలెను. చినిగిన పత్రమునకు సెల్లోటేప్ అంటింపరాదు. దాని జిగురు కాగితమును పాడుచేయును. లామినేషన్ చేయించరాదు, దానిని మరల ఊడదీయుట దుస్సాధ్యము. భక్తితో దేవుని గూటిలో దీపము చెంత నుంచుటయు మేలు కాదు. పొగ, నూనె, నిప్పు వానికి శత్రువులు. తేమ లేని చోట, నేలకు ఎత్తుగా, పెట్టెలో నుంచవలెను. ఛాయాచిత్రముల వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. సెల్‌ఫోనులో తీసిన ప్రతి మంచిదే కాని, ఆ యంత్రము చెడినచో అదియు పోవును. కావున మూడు ప్రతులు చేసి మూడు ఇండ్లలో నుంచుట క్షేమము. ఆడపడుచుల ఇంట నొకటి తప్పక ఉండవలెను. వంశము వారిది కూడ.

ప్రతి సంవత్సరము మహాలయ పక్షమున ఆ పుస్తకము తెరచి, పిల్లలచే పేర్లు చదివించి, క్రొత్తగా పుట్టినవారిని చేర్చవలెను. చదువువారు లేని పుస్తకము చెదలకే దక్కును. పిల్లల నోట పలికిన పేరు మరియొక తరము బ్రతుకును.