సిమెంట్ పెట్టిన పన్ను మళ్లీ పుచ్చకుండా... దంత పదార్థాల పరిశోధనలో అవకాశాలు

పుచ్చిన పంటికి సిమెంట్ పెట్టించుకున్న కొన్నేళ్లకు అదే పన్ను మళ్లీ సలపడం చాలామందికి అనుభవమే. ఫిల్లింగ్ అంచున కొత్తగా పట్టే ఈ పుచ్చును సెకండరీ కేరీస్ అంటారు. పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగులను తీసి మళ్లీ వేయాల్సి రావడానికి ఇదో ముఖ్య కారణం. కాంపోజిట్ రెజిన్ నీలికాంతికి గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. అంచున సన్నటి సందు ఏర్పడితే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ లాంటి బ్యాక్టీరియా అందులో చేరి, మనం తినే చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ దాదాపు 5.5 కంటే కిందికి పడిపోతే ఎనామెల్ కరగడం మొదలవుతుంది.

పాదరసంతో చేసే అమాల్గం ఫిల్లింగుల వాడకం 2013 నాటి మినమాటా ఒప్పందం తర్వాత తగ్గుతూ వస్తోంది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప, దాన్ని నిలిపివేసింది. భారం కాంపోజిట్ల మీద పడటంతో, బ్యాక్టీరియాను అడ్డుకునే ఫిల్లింగుల కోసం వెతుకులాట పెరిగింది.

ఈ వెతుకులాటలో రెండు దారులున్నాయి. మొదటిది, పదార్థం నుంచి మందు కొద్దికొద్దిగా ఊరేలా చేయడం. 1970ల తొలినాళ్లలో లండన్‌లో విల్సన్, కెంట్ రూపొందించిన గ్లాస్ అయానమర్ సిమెంట్ ఫ్లోరైడ్‌ను ఇలాగే విడుదల చేస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ కలిపిన రెజిన్లూ వచ్చాయి. కానీ వాటిలో మందు ఎక్కువభాగం మొదట్లోనే బయటికి పోతుంది, అది ఖాళీ చేసిన చోట పదార్థం బలహీనపడుతుంది. రెండో దారిలో మందును రెజిన్ గొలుసుకే రసాయనికంగా బంధిస్తారు. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో ఇమజాటో బృందం 1990లలో తయారుచేసిన ఎండీపీబీ అనే మోనోమర్ ఇలాంటిదే. ధనావేశంతో ఉండే దాని భాగం, రుణావేశమున్న బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తుంది. కురారే సంస్థ దీన్ని, ఫిల్లింగ్‌ను పంటికి అతికించే బాండింగ్ వ్యవస్థలోని ప్రైమర్‌లో వాడి మార్కెట్లోకి తెచ్చింది. చిక్కేమిటంటే, లాలాజలపు ప్రొటీన్లు, చచ్చిన బ్యాక్టీరియా పైన పొరగా పేరుకుంటే తర్వాత వచ్చేవాటికి ఆ ఉపరితలం తగలదు. వెండి నానో కణాలు బాగానే పనిచేసినా పంటి రంగును పాడుచేస్తాయి. రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్ మీదా పని జరుగుతోంది. ఆంధ్రా తీరంలోని రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో ఆ పొట్టుకు కొదవలేదు.

ల్యాబ్‌లో పని మొదలయ్యేది చిన్న రెజిన్ బిళ్లలతో. వాటిని లాలాజలంలో నానబెట్టి, చక్కెర కలిపిన ద్రవంలో మ్యూటన్స్‌తో కలిపి 37 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచుతారు. బిళ్లల మీద పట్టిన బ్యాక్టీరియా పొరను (బయోఫిల్మ్) విడదీసి, పలచన చేసి, అగార్ ప్లేట్ల మీద పరచి, మొలిచిన కాలనీలను లెక్కిస్తారు. బ్యాక్టీరియా చచ్చిందని తేలగానే సంబరపడే ప్రాజెక్టులు చాలా ఉంటాయి. అసలు పరీక్ష ఆ తర్వాతే. 25 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం, వెడల్పు ఉన్న కడ్డీని విరిగేదాకా వంచుతారు. ఐఎస్ఓ 4049 ప్రకారం నమిలే ఉపరితలానికి వాడే రకం కనీసం 80 మెగాపాస్కల్స్ తట్టుకోవాలి. 5, 55 డిగ్రీల నీళ్లలో మార్చి మార్చి ముంచాక కూడా మందు పనిచేస్తోందా, చిగుళ్ల కణాలకు హాని చేయడం లేదా అన్నదీ చూడాలి. అటు బ్యాక్టీరియాను పెంచడం, ఇటు బలాన్ని కొలవడం రెండూ వచ్చినవారు అరుదు. ఈ రంగంలో గిరాకీ ఉన్నది వారికే.

బైపీసీ విద్యార్థులు నీట్ రాసి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్ల బీడీఎస్ చేయవచ్చు. డెంటల్ మెటీరియల్స్, మైక్రోబయాలజీ రెండూ రెండో ఏడాదిలోనే వస్తాయి. చాలామంది పరీక్ష గట్టెక్కడానికే చదివే ఈ సబ్జెక్టులే ఇక్కడ పునాది. ఆ తర్వాత నీట్ ఎండీఎస్‌తో కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్ విభాగంలో మూడేళ్ల ఎండీఎస్‌లో చేరవచ్చు. థీసిస్ అంశంగా పదార్థాన్ని ఎంచుకునేముందు, కాలేజీకి దగ్గర్లో బలాన్ని కొలిచే యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్, మైక్రోబయాలజీ ల్యాబ్ ఉన్నాయో లేదో చూసుకోవడం మంచిది.

ఎంపీసీ వారికి బయోమెడికల్, కెమికల్, మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్ బీటెక్‌లు దారి చూపిస్తాయి. ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల, ఐఐటీ హైదరాబాద్‌లలో బయోమెడికల్, ఎన్ఐటీ వరంగల్‌లో మెటలర్జీ విభాగాలున్నాయి. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు ప్రత్యేక పేపర్ ఉంది. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీలలో ఎమ్మెస్సీ చేసినవారు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ద్వారా ఫెలోషిప్ తెచ్చుకుని పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. బయోమెటీరియల్స్ పరిశోధనకు తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ దేశంలో పేరున్న కేంద్రం.

ఉద్యోగాలు దంతపదార్థాల తయారీ కంపెనీల్లో ఫార్ములేషన్, క్వాలిటీ విభాగాల్లో ఉంటాయి. జమ్మూలోని ప్రివెస్ట్ డెన్‌ప్రో లాంటి దేశీ సంస్థలు ఈ రంగంలోనే ఉన్నాయి. పెద్దగా ఎవరి దృష్టీ పడని మరో విభాగం రెగ్యులేటరీ. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న మెడికల్ డివైజెస్ రూల్స్ 2017 కింద పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి ఏ నుంచి డీ వరకు నాలుగు తరగతులుగా విభజిస్తారు. పదార్థంలో మందు చేరితే పత్రాలు, పరీక్షలు పెరుగుతాయి. ఐఎస్ఓ 10993 కింద జీవ అనుకూలత పరీక్షల నివేదికలు చదివి అర్థం చేసుకోగల బీడీఎస్, బీఫార్మసీ, ఎమ్మెస్సీ పట్టభద్రులకు ఇక్కడ చోటుంది.