కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా?

జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో గల్ఫ్‌కు పోయే మనిషి ఏజెంటును మొదట అడిగేది జీతం కాదు. కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా అని అడుగుతాడు. ఆజాద్ వీసా మీద పోయి, కాగితంలో ఒక యజమాని, పని ఇంకొకచోట, పోలీసు కనిపిస్తే గుండెదడ అన్నట్టు బతికి వచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎన్నో ఇళ్లు అప్పులపాలయ్యాక నేర్చుకున్న ప్రశ్న అది. అదే తండ్రి కొడుకునో బిడ్డనో విదేశీ ఎంబీబీఎస్‌కు పంపేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న మరిచిపోతున్నాడు. ఫీజెంత, హాస్టల్లో మన తిండి దొరుకుతుందా, చలి ఎక్కువా అని అడిగి, అడ్వాన్సు కట్టి వస్తున్నాడు. ఆ చదువుతో ఆ దేశంలో వైద్యం చేసే హక్కు వస్తుందా, ఇక్కడికి వస్తే రిజిస్ట్రేషన్ దొరుకుతుందా అన్నది అడగడం లేదు.

నీట్ ఫలితాలు వచ్చాయంటే ఎల్లంతకుంట నుంచి కోరుట్ల దాకా ఎక్కడ చూసినా ఒకటే మాట. ఇక్కడ సీటు రాకుంటే ఏముంది, బయట చదివితే డాక్టరే కదా! సీటు దొరికితే డాక్టరైనట్టే అన్న ఈ నమ్మకమే అన్నిటికన్నా ఖరీదైనది. విదేశీ కాలేజీ ఇచ్చేది పట్టా. మన దగ్గర స్టెతస్కోపు మెడలో వేసుకుని రోగిని చూడాలంటే కావలసింది రాష్ట్ర వైద్య మండలి రిజిస్ట్రేషన్. ఆ రెంటికీ మధ్య దూరం చాలామందికి ఆరేళ్ల చదువు ముగిశాకే తెలుస్తోంది.

అర్హత సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. ఇంటర్ బైపీసీ, నీట్‌లో అర్హత మార్కు ఉండాలి. 2018 నుంచి విదేశాలకు వెళ్లేవారికీ నీట్ తప్పనిసరి.

అసలు మెలిక 2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల్లో ఉంది. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. బోధన ఇంగ్లిషులోనే సాగాలి. ఆ కాలేజీలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. కోర్సంతా ఒకే సంస్థలో పూర్తవ్వాలి, మధ్యలో మారితే చెల్లదు. చదివిన దేశంలో అక్కడి పౌరులకు ఇచ్చే లైసెన్సుతో సమానమైన ప్రాక్టీసు హక్కు ఈ విద్యార్థికీ దక్కాలి. ఇవన్నీ ఉన్నా ఇక్కడికొచ్చి స్క్రీనింగ్ పరీక్ష నెగ్గాలి, మళ్లీ 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఈ నిబంధనలను కొట్టేయాలని కోర్టుకు వెళ్లిన విద్యార్థికి 2022 మే నెలలో సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. షరతులు న్యాయమైనవేనని కోర్టు తేల్చింది.

ఈ 54 నెలల నిబంధన మన పిల్లలకు ఎంత గట్టిగా తగిలిందో ఫిలిప్పీన్స్‌ను చూస్తే తెలుస్తుంది. ఇంగ్లిషు బోధన, మన వాతావరణం, అందుబాటులో ఫీజు అని తెలుగు విద్యార్థులు ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లారు. అక్కడి పద్ధతిలో ముందు బీఎస్ అనే డిగ్రీ చదవాలి, ఆ తర్వాత నాలుగేళ్ల ఎండీ. ఏజెంట్లు రెండూ కలిపి ఐదున్నరేళ్ల మెడిసిన్ అని చెప్పేవారు. కమిషన్ లెక్కలో బీఎస్ వైద్యవిద్య కాదు. నాలుగేళ్ల ఎండీ అంటే 48 నెలలు. 54కు ఆరు నెలలు తక్కువ! విదేశీయుల ప్రాక్టీసుపై ఆ దేశపు 1959 నాటి వైద్య చట్టం పెట్టిన షరతులు ఇంకో ముడి. ఏ పిల్లవాడూ తప్పు చేయలేదు, ఏ పరీక్షా తప్పలేదు. ఆరు నెలల లెక్క కూడుకుని చూసినవారు ఇంట్లో లేకపోయారు, అంతే. ఆ లెక్క తెలిసినవాడు కమీషన్ కోసం నోరు మెదపలేదు.

ఉక్రెయిన్ కథ వేరు. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలయ్యాక వేలాది భారతీయ విద్యార్థులు ఉన్నపళంగా తిరిగొచ్చారు. తెలంగాణ వారే 700 మందికి పైగా ఉన్నారు. వారి చదువు ఖర్చు భరిస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం శాసనసభలో ప్రకటించింది. కానీ విదేశాల్లో చదివేవారిని ఇక్కడి కాలేజీల్లో సర్దడానికి చట్టంలో వీలులేదని ఆ సెప్టెంబరులో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠాలు విన్నవారిలో కొందరు ఇక్కడ రెండేళ్లు, మూడేళ్లు ఇంటర్న్‌షిప్ చేయాల్సి వచ్చింది. 2024 మేలో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్లపై గుంపులు దాడి చేసిన రాత్రి మన పల్లెల్లో ఎన్ని ఇళ్లలో దీపం ఆరలేదో ఆ తల్లులకే తెలుసు.

ఇక స్క్రీనింగ్ పరీక్ష. 300 ప్రశ్నలు, 150 మార్కులు వస్తే పాస్. నెగెటివ్ మార్కులు లేవు. వినడానికి తేలికే. 2024 డిసెంబరులో 44,392 మంది రాస్తే 13,149 మంది గట్టెక్కారు. 2025 జూన్‌లో 36,034 మందిలో నెగ్గింది 6,707 మంది. అంటే నూటికి 19 మంది కూడా లేరు. ఈ అంకె ఏజెంట్లు కట్టే ఏ ఫ్లెక్సీ మీదా కనపడదు.

ఆ మిగిలినవారు ఎక్కడున్నారు? హైదరాబాద్ హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్ల బెంచీల మీద ఉన్నారు. మొదటిసారి తప్పినవారికి ఒక బ్యాచ్, రెండోసారి తప్పినవారికి ఇంకో బ్యాచ్. పండక్కి ఊరికి పోరు, పెళ్లిళ్లకు పోరు. పోతే ఎవరో ఒకరు ‘డాక్టర్ సాబ్, దవాఖాన ఎప్పుడు తెరుస్తవ్?’ అని అడుగుతారు. ఆ అడిగేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ ఇరవై ఆరేళ్ల మనిషి ఆ ఒక్క మాటకు భయపడి, సొంత చెల్లెలి పెళ్లిలో వంటపందిరి వెనకాల నిలబడటం ఎంత నరకం! తండ్రి దుబాయ్‌లో ఎండలో నిలబడి పంపిన డబ్బు, తల్లి చుట్టిన బీడీలు, అమ్మిన గుంట భూమి, అన్నీ ఆ పిల్లవాడి నెత్తిమీదే ఉంటాయి. పదిహేడేళ్ల పిల్లవాడిని నీకిది ఇష్టమేనా అని ఒక్కరోజైనా అడగకుండా ఈ బరువు మోపడం అన్యాయం. బంధువుల ముందు తలెత్తుకోవడానికి పిల్లల్ని తాకట్టు పెట్టకూడదు.

డబ్బు లెక్క కూడా తేటగా చూసుకోవాలి. ఏజెంటు చెప్పేది మొదటి ఏడాది ఫీజు. ఆరేళ్ల ఫీజు, హాస్టల్, విమానం, వీసా, డాలరు పెరిగిన తేడా, ఆ తర్వాత ఏడాదో రెండేళ్లో కోచింగ్ కలుపుకుంటే అది ముప్ఫై లక్షలు దాటడం వింత కాదు. ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి వస్తుందన్న ఆశతో అప్పు చేసేవారూ ఉన్నారు. ఆ పథకం విదేశాల్లో పీజీ చదువుకు, ఎంబీబీఎస్‌కు కాదు.

ఇంతకీ డాక్టరు చదువు ఇప్పుడు ఇంటికి దూరమేం కాదు. జగిత్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో, సిరిసిల్లలో 2023లో మొదలయ్యాయి. మార్కులు కొద్దిలో తప్పిన పిల్లలకు, వాళ్లకే ఇష్టముంటే, ఒక్క ఏడాది నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ మంచిదే. మూడో ఏడాది, నాలుగో ఏడాది మాత్రం వద్దు. పశువులంటే ప్రాణమున్న పిల్లలకు కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. జగిత్యాల పక్కన పొలాసలోనూ, సిరిసిల్లలోనూ వ్యవసాయ కళాశాలలున్నాయి. బీఎస్సీ నర్సింగ్‌ను ఆడపిల్లల చదువని కొట్టిపారేసే ఇళ్లు ఒకసారి ఆలోచించాలి. స్క్రీనింగ్ పరీక్ష కోసం మూడేళ్లు గదిలో కూర్చున్నవాడికన్నా నర్సింగ్ చదివి ఇరవై మూడేళ్లకే జీతం తెచ్చే పిల్ల ఇంటికి ఎక్కువ ఆసరా.

అయినా పంపాలనే నిశ్చయించుకుంటే గల్ఫ్ ఏజెంటును నిలదీసినట్టే నిలదీయాలి. వైద్యవిద్య ఎన్ని నెలలో, ఇంటర్న్‌షిప్ ఎక్కడో, అక్కడి లైసెన్సు మన పిల్లలకు ఇస్తారో లేదో యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రాసి తెమ్మనాలి. కమిషన్ నిబంధనలతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ కాలేజీ నుంచి వచ్చి స్క్రీనింగ్ నెగ్గి రిజిస్ట్రేషన్ తెచ్చుకున్న ఇద్దరితో ఏజెంటు లేనప్పుడు మాట్లాడాలి. రేపే ఆఖరు తేదీ అన్న తొందరకు లొంగి, వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ చివరి విడత ముగియకముందే పిల్లల పాస్‌పోర్టు, పదో తరగతి మెమో ఎవరి చేతిలోనూ పెట్టకూడదు.