ఈసారి సెలవు వంటింటికి కూడా

"యూరప్‌లో హోటల్ గదులకేం కరువక్కా? ఎక్కడో కొండ మీద పాత ఇల్లు అద్దెకు తీసుకోవడం ఎందుకు?" అని అడిగావు కదూ చెల్లెమ్మా! మీ ఆయన హోటలే నయమన్నారు. అత్తగారు మెట్లెక్కలేనన్నారు. పిల్లలేమో స్విమ్మింగ్ పూల్ ఉంటే చాలన్నారు. అందరి మాటా చెప్పావు గానీ నీకేం కావాలో చెప్పలేదు. ఆ సంగతికే వస్తాను, తీరిగ్గా కూర్చో.

నువ్వు హైదరాబాద్‌లో, మీ అక్కయ్య లండన్‌లో, మీ తమ్ముడు డల్లాస్‌లో. ఏళ్ళ తరవాత అందరూ ఒకచోట చేరుతున్నారు. హోటల్లో అయితే పొద్దున టిఫిన్ దగ్గర పలకరింపులు, రాత్రి లిఫ్టు దగ్గర గుడ్‌నైట్లు. మధ్యలో బస్సులు, మ్యూజియం క్యూలు. అదే ఒక ఇల్లు తీసుకుంటే పన్నెండు మంది పట్టే బల్ల చుట్టూ రాత్రి పన్నెండింటిదాకా కబుర్లు సాగుతాయి. అమ్మ మధ్యాహ్నం నిద్రపోతుంటే నాన్న చెట్టు కింద మనవడికి లెక్కలు చెబుతుంటారు. మనకు కావలసింది అదే కదా!

ఇల్లంటే ఏ ఇల్లని? ఇటలీలో టస్కనీ వైపు చూడు. అక్కడ కొండకొకటి చొప్పున కనిపించే రాతి ఇళ్ళు ఎవరో విలాసం కోసం కట్టించుకున్నవి అనుకుంటాం. నిజానికి వాటిలో చాలావరకు రైతుల ఇళ్ళు. మన దగ్గర భూమి పాలుకిచ్చినట్టే అక్కడా ఉండేది. భూమి దొరది, కష్టం రైతుది, పంట చెరి సగం. దాన్ని మెజ్జాద్రియా అంటారు. కింద అంతస్తులో ఎడ్లు, పైన మనుషులు. చలికాలంలో ఎడ్ల ఒంటి వేడి పై గదులకు తగిలేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జనం ఆ బతుకు వద్దనుకుని ఫ్లోరెన్స్, ప్రాతో లాంటి ఊళ్ళలో ఫ్యాక్టరీ పనులకు వెళ్ళిపోయారు. 1964లో వచ్చిన చట్టం కొత్తగా అలాంటి పాలు ఒప్పందాలు చేసుకోవడాన్నే నిషేధించింది. ఇళ్ళు పాడుబడ్డాయి, కప్పులు కూలాయి. తరవాత బయటివాళ్ళు, ఆ ఊళ్ళవాళ్ళే కొందరు, ఒక్కొక్కటే కొని బాగుచేయించారు. నువ్వు ఫొటోలో చూసి ముచ్చటపడ్డ ఇటుక కమానుల హాలు ఒకప్పుడు పశువుల కొట్టం అయ్యుంటుంది.

ఇక దక్షిణ టస్కనీలో వాల్ దోర్చా అనే లోయ ఉంది. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ లా ఫోచె అనే ఎస్టేటు ఉంది, దాని ఇళ్ళు అద్దెకిస్తారు. పెద్ద విల్లా పదిహేనో శతాబ్దం చివర యాత్రికులకూ వర్తకులకూ సత్రంగా కట్టింది. ఆ ఇంటి ఇల్లాలి కథ నీకు చెప్పి తీరాలి.

ఆమె పేరు ఐరిస్ ఒరీగో, రచయిత్రి. 1924లో ఆంటోనియోను పెళ్ళాడింది, ఆ రోజుల్లోనే ఇద్దరూ ఆ ఎస్టేటు కొన్నారు. అప్పటికి అది కళ్ళకు ఇంపుగా ఉండే చోటు కాదు. గడ్డి మొలవని బంకమట్టి గుట్టలు, కూలిన రైతుల ఇళ్ళు. కరెంటు లేదు. అన్నిటికన్నా ముందు, నీళ్ళు లేవు. అమెరికాలో ఉన్న ఆమె నాయనమ్మ కానుకగా డబ్బిస్తే, మైళ్ళ దూరంలో అడవిలో ఉన్న ఊట నుంచి గొట్టాలు వేయించి నీళ్ళు తెప్పించారు. ఆ నీళ్ళు వచ్చాకే తోట వచ్చింది. సెసిల్ పిన్సెంట్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ దాన్ని మెట్లు మెట్లుగా తీర్చాడు. పోస్టుకార్డుల మీద చూస్తామే, కొండ మీదికి మెలికలు తిరుగుతూ ఎక్కే దారి, ఇరువైపులా సైప్రస్ చెట్లు? అది వాళ్ళ పుణ్యమే. పాలుకు చేసే రైతుల పిల్లలకు బడి పెట్టారు, వైద్యశాల పెట్టారు.

1933లో ఏడేళ్ళ కొడుకు జానీ మెనింజైటిస్‌తో పోయాడు. బిడ్డను ఆ ఎస్టేటులోనే ఖననం చేశారు. అంత దుఃఖం మోసిన మనిషి పదేళ్ళకు, 1943లో, బాంబుదాడుల భయంతో తొరీనో, జెనోవా నగరాల నుంచి పంపిన పిల్లలను తన ఇంట్లో పెట్టుకుని సాకింది. శత్రువుల చెర నుంచి తప్పించుకొచ్చిన సైనికులకు దొంగచాటుగా అన్నం పెట్టింది. 1944 జూన్‌లో యుద్ధం గుమ్మం దాకా వస్తే, ఆ పిల్లలందరినీ వెంటబెట్టుకుని, చంటివాళ్ళను ఎత్తుకుని, మందుపాతరలున్న దారిలో మోంతెపుల్చానో ఊరిదాకా నడిచింది. అప్పటి డైరీని 1947లో పుస్తకంగా వేశారు. 1988లో ఆమె కన్నుమూస్తే కొడుకు పక్కనే మట్టిచేశారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఇలాంటి ఇల్లు అద్దెకు తీసుకుంటే గోడలూ పూలూ మాత్రమే చూసి రాకూడదు. ఆ నీళ్ళు ఎంత కష్టంతో కొండెక్కాయో తెలిసినవాళ్ళు పూల్‌లో దిగేటప్పుడు కూడా కొంచెం వందనం చేసుకుంటారు. విల్లా మొత్తం తీసుకోవడం మన తాహతుకు మించినా బాధలేదు, వారంలో కొన్ని రోజులు గైడ్ వెంట తోట చూడనిస్తారు. చుట్టుపక్కల చిన్న రైతు ఇళ్ళు బోలెడు.

ఇక పని మాటలు. అందరి సెలవులూ కలిసే వారం ఒకటుంది, మే చివరి వారం. మనకు వేసవి సెలవులు, లండన్ బడులకు హాఫ్ టర్మ్ సెలవులు, డల్లాస్‌లో బడులు మూసే రోజులు. జులై, ఆగస్టుల్లో అద్దెలు మండుతుంటాయి. ఆగస్టు 15 వాళ్ళకు పెద్ద పండగ, ఇటలీ అంతా సెలవుల్లోనే ఉంటుంది. మేలో ఆ రద్దీ లేదు గానీ పూల్ నీళ్ళు చల్లగా ఉంటాయి. అందుకని "ఆ వారానికి పూల్ తెరుస్తారా? నీళ్ళు వేడిచేస్తారా? దానికి వేరే డబ్బులా?" అని ముందే అడుగు. ఈ ఇళ్ళను ఎక్కువగా శనివారం నుంచి శనివారానికి ఇస్తారు. ఫ్లైట్ టిక్కెట్లు దాన్ని బట్టి చూసుకోవాలి.

ప్రకటనలో సి.ఐ.ఎన్. అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో చూడు. 2025 జనవరి నుంచి ఇటలీలో సెలవులకు అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ అది తప్పనిసరి. నంబరు చెప్పకుండా "బ్యాంకులో నేరుగా వేసేయండి" అనేవాళ్ళ జోలికి పోవద్దు. అద్దెతో పాటు అడ్వాన్సు డిపాజిట్టు, దుప్పట్లు, తువ్వాళ్ళు, చివర శుభ్రం చేసే ఖర్చు, ఊరి టూరిస్టు పన్ను... ఇవన్నీ కాగితం మీద రాయించుకుని, మొత్తాన్ని తలా ఇంత అని పంచు. అప్పుడే హోటల్‌తో పోల్చడానికి వీలవుతుంది. ఆ ఒప్పందం కాగితం షెంగెన్ వీసాకూ పనికొస్తుంది. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు. 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ఇన్సూరెన్సు ఉండాలి. కారు నడిపేవాళ్ళు మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ పట్టుకెళ్ళాలి. ఫ్లోరెన్స్ లాంటి ఊళ్ళ పాతబస్తీల్లోకి బయటి కార్లు పోకూడదు. కెమెరా ఫొటో తీస్తుంది, ఫైను తరవాత వస్తుంది. కారు ఊరి బయట పెట్టి నడిచిపోవడమే మేలు.

అత్తగారి మెట్ల మాట చాలా ముఖ్యం. మనుషులు పై అంతస్తులో బతికిన ఇళ్ళు కదా, చాలావాటికి బయటి నుంచే రాతిమెట్లు. లిఫ్టు ఆశ పెట్టుకోవద్దు. "కింది అంతస్తులో పడక గది, దానికే ఆనుకుని బాత్రూము ఉన్నాయా?" అని అడిగి, ప్లాను తెప్పించుకుని చూడు. ఒక సంగతి చెబితే ఆవిడ సంతోషిస్తారు. 1975 నుంచీ ఇటలీలో ఇంటికి కనీసం ఒక బాత్రూములో బిడే, అంటే నీళ్ళతో కడుక్కునే తొట్టి, ఉండాలని ప్రభుత్వ నిబంధన ఉంది. కాగితాలతో కాలక్షేపం చేయక్కర్లేదు.

పూల్ సంగతి ఇంకాస్త వివరంగా వినాలి. ఈ పాత ఇళ్ళలో చాలావాటికి, చుట్టూ ఉన్న పొలాలకు కూడా, వారసత్వ రక్షణ చట్టాలున్నాయి. కొత్తగా ఏం కట్టాలన్నా అనుమతి కావాలి. అందుకే పూల్‌ను తరచు ఇంటి ముందు కాకుండా, కిందుగా ఆలివ్ చెట్ల చాటున కడతారు. చూపుకు హాయే గానీ వంటింట్లోంచి పిల్లలు కనబడరు. లైఫ్‌గార్డు ఉండడు. ఫ్రాన్స్‌లో అయితే 2003 నాటి చట్టం ప్రకారం ఇళ్ళ పూల్‌కు కంచో, అలారమో, కవరో, పైన షెడ్డో ఏదో ఒకటి ఉండాలి. ఇటలీలో అలా ఉంటుందని అనుకోకు. కంచె ఉందా, లోతు ఎంత, ఎటువైపు నుంచి లోతవుతుంది అని రాసి అడుగు. గంటకొకరు చొప్పున పెద్దవాళ్ళు వంతులేసుకుని గట్టున కూర్చోవాలి. వంతు ఉన్నవాళ్ళ చేతిలో ఫోను ఉండకూడదు. ఈ ఒక్క మాట దగ్గర మొహమాటపడకు.

మరి మన సంగతో? మేం అక్కచెల్లెళ్ళం ఆ లోయలోనే ఒక రైతు ఇంట్లో ఉన్నప్పుడు మా అమ్మ రెండు రోజులు గట్టు మీదే కూర్చుంది. "ఈ వయసులో నాకెందుకే" అంది. మోచేతులదాకా, చీలమండలదాకా కప్పే ఈత దుస్తులు అమ్మ కొలతకు ముందే తెచ్చిపెట్టాం. నూలు బట్టలతో దిగితే పీచు ఊడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది, అందుకని అవే కావాలి. మూడో రోజు మగవాళ్ళంతా ఆ లోయలోని పియెంజా ఊరికి చీజ్ కొనడానికి వెళ్ళారు. అమ్మ లేచి వెళ్ళి బట్టలు మార్చుకొచ్చి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. నడుము లోతుకు వచ్చాక ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. తరవాత రెండు అరచేతులూ నీళ్ళ మీద పరిచి అటూ ఇటూ ఆడించింది. గోదావరి పుష్కరాలకు మొక్కుబడిగా మునగడం తప్ప, ఊరికే సరదాకు నీళ్ళలో నిలబడటం అదే మొదలట. గంట దాటినా పైకి రానంది.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నాను. ఇల్లు అద్దెకు తీసుకుంటే వంటిల్లూ వస్తుంది. వంటిల్లు వస్తే ఆడవాళ్ళ సెలవు పోతుంది. పన్నెండు మందికి పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి చపాతీలు చేస్తూ కూర్చుంటే, హైదరాబాద్‌లో చేసే పనే ఇటలీలో డబ్బిచ్చి చేసినట్టవుతుంది. మీ ఆయన హోటలే నయమన్నారంటే బహుశా ఆయనకూ ఇదే తోచి ఉంటుంది. కానీ దీనికి విరుగుడు హోటల్ కాదు, పనుల పట్టిక. రోజుకొక కుటుంబం వంట, అందులో మగవాళ్ళ పేర్లు విడిగా రాయాలి. గిన్నెలు పిల్లలవి. రెండు రాత్రులు ఊళ్ళోంచి వంటమనిషిని పిలిపించు, చాలా ఇళ్ళవాళ్ళు అడిగితే కుదురుస్తారు. శాకాహారమని, గుడ్డు తినేదీ లేనిదీ ముందే చెప్పు. శనగలు, టమాటా, వంకాయ, ఆలివ్ నూనె వాళ్ళ వంటలో నిత్యం ఉండేవే, ఎవరూ పస్తుండరు.

మన సామానులో ఊరగాయలు, పొడులు, కందిపప్పు, ప్రెషర్ కుక్కరు చాలు. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకుకూ సర్టిఫికెట్టు కావాలి. అక్కడ ఉప్పులేని వెన్న దొరుకుతుంది, పొద్దున్నే ఒక గిన్నెలో కాచుకుంటే కమ్మటి నెయ్యి. ఇటలీలో చాలా ఇళ్ళకు కరెంటు మూడు కిలోవాట్లే. ఓవెనూ, వాషింగ్ మెషీనూ, ఎలక్ట్రిక్ కెటిలూ ఒకేసారి పెడితే కరెంటు పోతుంది. ఒకటి అయ్యాకే ఇంకొకటి. రాతి గట్టు మీద పసుపు పడితే వెంటనే తుడిచెయ్యాలి, పాలిష్ లేని రాయి మరకను తాగేస్తుంది. గచ్చు మీది మట్టి పలకలూ అంతే, వేపుళ్ళు చేస్తే పొయ్యి చుట్టూ పాత పేపర్లు పరుచు. మధ్యాహ్నం ఎండకు కిటికీల చెక్క తలుపులు మూసేసి సాయంత్రం తెరువు. మందపాటి గోడలు మిగతాది చూసుకుంటాయి. అది ఎవరో తరతరాలు కష్టపడి నిలబెట్టుకున్న ఇల్లు, మన ఇంటికి వచ్చినవాళ్ళు ఎలా మసలాలనుకుంటామో అలా మసలుదాం.

ఇన్ని చెప్పాక నా ప్రశ్న నీకు. ఆ వారంలో నీకేం కావాలి? పుస్తకమా, ఈతా, ఉత్తినే పడుకోవడమా? అది కూడా పట్టికలో నీ పేరు పక్కన రాసి, ఇంటివాళ్ళందరికీ ఇవాళే పంపు. అందరి సదుపాయాలూ చూశాక మిగిలినది నీకు అనుకుంటే ఏమీ మిగలదు చెల్లెమ్మా, మన అమ్మలకు మిగిలిందా? ముందు నీ గంట రాసిపెట్టు, తరవాత ఇల్లు బుక్ చెయ్యి.