మేలు మరవని ఇంటికి తొమ్మిది చిట్కాలు

కూరలో ఉప్పు తగ్గితే మొదటి ముద్దకే చెప్పేస్తాం. బాగా కుదిరిన రోజు మాత్రం మాట్లాడకుండా తిని లేస్తాం. కృతజ్ఞత లేక కాదు, పైకి చెప్పే అలవాటు లేక. ఆ అలవాటు చేసుకోవడానికి కొన్ని చిట్కాలు:

1. ఏది బాగుందో చెప్పండి. ఉత్త "బాగుంది" కాదు. "చారులో ఇంగువ బాగా పడింది", "వంకాయ చక్కగా మగ్గింది" అనండి. ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెప్పడం ఎబ్బెట్టుగా ఉండేవారికి ఇదే సులువు. తిన్న కంచం మీరే తీస్తే ఆ మాటకి ఇంకా బలం.

2. వారానికోసారి రాయండి. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా 2003లో ప్రచురించిన పరిశోధనలో కొందరు 10 వారాల పాటు, వారానికి ఐదు దాకా తమకు జరిగిన మంచిని రాశారు. చిరాకులు రాసినవారికంటే వీరిలో తృప్తి ఎక్కువగా కనిపించింది. పాల లెక్క రాసే క్యాలెండర్‌లో ఆదివారం గడి చాలు. "ఆరోగ్యం, కుటుంబం" అని కాకుండా "కరెంటు పోతే పక్కింటి పిన్నిగారు పాపని వాళ్ళింట్లో చదువుకోమన్నారు" అని రాయండి.

3. పనిమనిషి చేత జీతం అడిగించుకోకండి. ఒకటో తేదీనే చేతిలో పెట్టండి. గిన్నెల్లో ఎంగిలి తీసేసి, మాడినవి నానబెట్టి వెయ్యండి. మీరు తినలేని నిల్వ కూర ఆమెకి ఇవ్వకండి.

4. చెత్త ఎత్తే చేతుల్ని తలుచుకోండి. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యండి. పగిలిన గాజు, బ్లేడ్లు మందపాటి కాగితంలో చుట్టి, లోపలేముందో పైన రాసి ఇవ్వండి. డైపర్లు, ప్యాడ్లు కూడా చుట్టే ఇవ్వాలి. పండగ మామూలు ఆ తర్వాత మాట.

5. పాత మేలుకి ఓ ఉత్తరం. ఫీజు కట్టిన మేనమామకో, లెక్కలు నేర్పిన మాస్టారికో రాయండి. వాళ్ళేం చేశారు, అప్పుడు మీ పరిస్థితేంటి, అది ఇప్పుడెలా ఉపయోగపడుతోంది అన్న మూడు సంగతులు చాలు. ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని జంకకండి. రాసేవారు ఆ ఇబ్బందిని ఎక్కువగానూ, అందుకునేవారి ఆనందాన్ని తక్కువగానూ ఊహించుకుంటారని అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీల 2018 నాటి పరిశోధన తేల్చింది.

6. వస్తువులకి ఏడాదంతా ఆయుధపూజ. దసరాకి బొట్టు పెట్టిన మిక్సీ జారుని మర్నాడు అంచుదాకా నింపకండి. పచ్చడి ఎండకముందే కడగండి. నిమ్మకాయలు తొక్కించిన బండికి వేళకి సర్వీసింగ్ చేయించండి.

7. బియ్యం కొలిచి పొయ్యండి. రైతు కష్టానికి ఇంట్లో మనం ఇవ్వగల మర్యాద అన్నం పారెయ్యకపోవడమే. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే పులిహోర కలపండి.

8. పిల్లల్ని నిలబెట్టి థాంక్స్ చెప్పించకండి. రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ నీకెవరు సాయం చేశారు? నువ్వెవరికి చేశావు?" అని అడగండి. ఆటో దిగుతూ డ్రైవరుకి మీరో మంచి మాట చెబితే, వాళ్ళూ చూసి నేర్చుకుంటారు.

9. కృతజ్ఞత పేరుతో బాధ మీద మూత పెట్టకండి. ఏడుస్తున్న మనిషితో "నీకేం తక్కువ?" అనకండి. ఒకప్పుడు మేలు చేశారని ఇప్పుడు వాళ్ళ చేత అవమానాలు పడనక్కర్లేదు. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టక్కర్లేదు. ఒకటి ఎంచుకుని నెల రోజులు పాటించండి. ఉత్తరం మాత్రం వాయిదా వెయ్యకండి. మనకి మేలు చేసిన పెద్దవాళ్ళకి వయసు మీద పడుతోంది.