ఊరు విడుచు వేళ

ఒక్కడు ఊరు విడిచి పోవుట వేరు. కాపురమంతయు కదలుట వేరు. ఒక్కడు పోవునపుడు వెనుక ఇల్లు నిలిచియుండును. అందు దీపము వెలుగుచుండును. కాపురమే కదలునపుడు ఇంటిలోని ప్రతి వస్తువును చేతిలోనికి తీసికొని, "దీనిని ఏమి చేయుదము?" అని ప్రశ్నించుకొనవలసి వచ్చును. ఇల్లు సర్దుట యనగా ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనుటయే.

పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలకు వలస క్రొత్త కాదు. ఇచ్చటి చేనేత కుటుంబములు తరముల క్రిందటనే షోలాపురము, భివండి, సూరతు నగరములకు పోయి స్థిరపడినవి. 1973వ సంవత్సరమున చమురు ధరలు పెరిగిన పిదప గల్ఫు దేశములలో కట్టడముల పనులు విస్తరించెను. వానలు లేక, బావులు ఎండి, అప్పులలో చిక్కిన మెట్ట రైతులు దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ అరేబియాలకు పోసాగిరి. కూలికి పోవువానికి భార్యాబిడ్డలను వెంట తీసికొనిపోవు వీలు లేకుండెను. ఇనుప పెట్టె యొకటి చేతబట్టుకొని ఒంటరిగా పోయెడివాడు. నేటికిని అట్లే పోవువారు పెక్కుమంది కలరు. అట్టివారి బిడ్డలలో చదువుకొన్నవారు కొందరు మాత్రము ఇప్పుడు కుటుంబ సమేతముగా దూరదేశములకు తరలుచున్నారు.

కోరుట్లకు సమీపముననున్న యొక పల్లెలో అట్టి కుటుంబము కలదు. ఆ ఇంటి యజమాని చిన్నతనమున నా శిష్యుడు. అతనికి ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున ఉద్యోగము లభించెను. భార్య, పదకొండేండ్ల కూతురు, ఆరేండ్ల కొడుకు అతని వెంట పోవలయును. అతని తల్లి మంచిర్యాలలోనున్న చిన్నకొడుకు ఇంటికి పోవ నిశ్చయించుకొనెను. కూతురి బదిలీ పత్రము విషయమై అతడు నా కడకు వచ్చి ఇట్లనెను:

"సారూ! ప్రయాణము సంగతి పిల్లలకు చివరి దినము వరకు చెప్పవలదని మా చుట్టములు అనుచున్నారు. నాకది సమ్మతము కాదు. 1988వ సంవత్సరమున మా బాపు మస్కటు పోయిన రాత్రి నేను నిద్రలో ఉంటిని. అప్పుడు నాకు ఐదేండ్లు. లేపిన ఏడ్చెదనని చెప్పకయే పోయినాడు. తెల్లవారిన పిదప గల్మలో కూర్చుండి చీకటిపడు వరకు లేవలేదు. తరువాత చాలకాలము నాకు నిద్రపోవుటయన్నను భయము కలిగెడిది. నా పిల్లలకు అట్లు జరుగరాదు."

మా ప్రాంతమున ఇంటి ప్రధాన ద్వారమును గల్మ యందురు. ఆ గల్మలోనే ఆ సాయంకాలము చాప పరచి, పిల్లలను కూర్చుండబెట్టి, అతడు సంగతి యంతయు చెప్పెను. కూతురు మాటాడలేదు. కొడుకు, "నాయనమ్మ కూడ వచ్చునా?" అని యడిగెను. "రాదు" అని తండ్రి ఉన్నమాట చెప్పెను. బాలుడు ఏడ్చెను. ఎవరును వానిని వారింపలేదు.

మరునాటి నుండి సర్దుట మొదలయ్యెను. వస్తువులను మూడు రాసులుగా పెట్టిరి: వెంట పోవునవి, ఇతరులకు అప్పగింపవలసినవి, పారవేయవలసినవి. పిల్లల వస్తువును పిల్లల నడుగక ఎవరికిని ఈయరాదని నియమము చేసికొనిరి. వారి టికెట్టు ప్రకారము ఒక్కొక్కరి పెట్టె బరువు ఇరువది మూడు కిలోలు మించరాదు. వడ్లు తూచు కాటా మీదనే పెట్టెలను తూచుచుండిరి.

బాలుడు విసురురాయిని పెట్టెలో పెట్టుమని పట్టుబట్టెను. నాయనమ్మ నవ్వి, "బిడ్డా! వాడని విసురురాయి వట్టి బండ. తిరుగుచున్ననే అది రాయి" అని చెప్పి, దానిని పొరుగింటి యామెకు ఇచ్చెను. ముప్పదియేండ్లు వారిరువురును ఒకే అరుగుపై కూర్చుండి తునికాకు బీడీలు చుట్టినవారు. భర్త పంపిన డబ్బు అప్పులకు పోగా, ఆ బీడీల చాటయే పిల్లలకు అన్నము పెట్టినది. చాటను మాత్రము ఆమె ఎవరికిని ఈయలేదు. తన మూటలో పెట్టుకొనెను.

ఆమె చిక్కుడు, బీర, బంతి విత్తనములను గుడ్డలో కట్టి మనుమరాలికి ఈయబోగా, ఆ బాలిక, "నాయనమ్మా! ఆ దేశమునకు విత్తనములను మన ఇష్టమువచ్చినట్లు కొనిపోరాదు" అని కారణము వివరించెను. ఆస్ట్రేలియా నలువైపుల సముద్రము గల ఖండము. బయటి పురుగులును తెగుళ్ళును ప్రవేశించినచో అచ్చటి పైరులకును అడవులకును ముప్పు కలుగును. 1859వ సంవత్సరమున విక్టోరియా ప్రాంతమున వేట వినోదమునకై విడిచిన సుమారు రెండు డజన్ల కుందేళ్ళు లెక్కకు మిక్కిలిగా పెరిగి పంటలను పాడుచేసినవి. కావున విత్తనములు, తినుబండారములు, కొయ్య వస్తువులు మొదలగువానిని గూర్చి విమానము దిగినవెంటనే అధికారులకు దాచక తెలుపవలయును. నాయనమ్మ శ్రద్ధగా విని, ఆ విత్తనములను మంచిర్యాలకు తీసికొనిపోవ నిశ్చయించెను. బాలిక తన కొరకు నిర్మల కొయ్యబొమ్మ యొక్కటి ఎంచుకొనెను. అది పొనికి కర్రతో చేసినది; మిక్కిలి తేలిక. దానిని గూర్చి అధికారులకు తెలుపవలెనని కాగితముపై తానే వ్రాసికొనెను.

అటుక మీదినుండి తాతగారి ఇనుప పెట్టె దిగెను. ఆయన పదునాలుగేండ్లు మస్కటులో పనిచేసి, తిరిగివచ్చి, ఇచ్చటనే కన్నుమూసెను. పెట్టెలో ఉత్తరములును కొన్ని టేపు క్యాసెట్లును ఉండెను. ఇంటింట ఫోను లేని ఆ దినములలో గల్ఫులోనివారు తమ మాటలను క్యాసెట్లలో నింపి, ఊరికి వచ్చువారి చేత పంపెడివారు. నా శిష్యుడు వానిని కోరుట్లలో ఫోనులోనికి ఎక్కించుకొని వచ్చెను. ఆ రాత్రి అందరును వినిరి. బావిలో నీరు పడినదా, పిల్లవాడు బడికి పోవుచున్నాడా యని అడిగిన పిదప, తాతగారి గొంతు ఇట్లనెను: "పిల్లవాని లేపకుండ వచ్చితిని. వాడు ఏడ్చునని కాదు. వాడు లేచి నన్ను చూచినయెడల నా కాలు గల్మ దాటకపోవును."

చిన్ననాట నా శిష్యుడు ఆ మాటను వినియే యుండును. కాని దాని యర్థము అతనికి ఆనాడు తెలిసెను. చాలసేపు తల వంచుకొని కూర్చుండెను. ఇనుప పెట్టె బరువని విడిచిరి. గొంతు వెంట పోయెను.

కాగితముల పని తల్లి చూచుకొనెను. పాస్‌పోర్టులు, పిల్లల జనన ధ్రువపత్రములు, టీకాల పుస్తకములు, బడి పత్రములు ఒకే సంచిలో పెట్టి, చేతి సామానులో ఉంచెను. పెద్ద పెట్టె దారి తప్పినను బట్టలు కొనవచ్చును. ఆ పత్రములను విదేశమున వెంటనే సంపాదింపజాలము. ఒక్కొక్క పత్రమునకు నకలు తీసి మంచిర్యాలలోను ఉంచిరి.

ఇక ఇల్లు. గూనపెంకుల ఇల్లు మనుష్యులు లేనిచో నిలువదు. ఏటేట వానలకు ముందు పెంకులు సర్దవలయును. లేకున్న నీరు దిగి వాసములు చివుకును, చెదలు పట్టును. కావున తాళము వేయక, ఊరి బడిలో పనిచేయు ఉపాధ్యాయుని కుటుంబమునకు కొలది అద్దెకు ఇచ్చిరి. పెరటి వేపచెట్టును నరుకరాదని మాత్రము కోరిరి.

ప్రయాణమునకు ముందు నాయనమ్మ నన్ను, "సారూ! పిల్లలు మన మాట మరతురా?" అని యడిగెను. నేను తెలిసినంత చెప్పితిని. 1860వ సంవత్సరమున మద్రాసు నుండి ట్రూరో యను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బనుకు కూలీలను కొనిపోయినది; అందు తెలుగువారును ఉండిరి. అంతకు పూర్వమే మారిషసునకు తెలుగువారు పోయిరి. ఆ దీవిలో నేటికిని ఉగాది సెలవుదినము. 1990వ సంవత్సరమున ప్రపంచ తెలుగు మహాసభ అచ్చట జరిగినది. అయినను వారి సంతతిలో అనేకుల ఇండ్లలో నేడు తెలుగు వినబడదు. పండుగ ఏడాదికొకమారు జరుపుకొన్నను నిలుచును. భాష దినదినము మాటాడినగాని నిలువదు. ఇది విని బాలిక, ప్రతి ఆదివారము తెలుగున ఉత్తరము వ్రాసి, ఫోనులో నాయనమ్మకు చదివి వినిపింతునని మాట యిచ్చెను.

బయలుదేరునాడు పిల్లలు అర్ర అర్రకును తిరిగి చూచిరి. బాలుడు వేపచెట్టునకు చెంబెడు నీరు పోసెను. బాలిక తాళపుచెవిని ఉపాధ్యాయుని చేతికి ఇచ్చెను. ఆ సమయమున ఇంటిలో నిద్రపోవుచున్నవారు ఎవరును లేరు. అందరును మేలుకొనియే గల్మ దాటిరి.

విద్యార్థులారా! మీలో కొందరు ఒకనాడు ఊరు విడిచి పోవచ్చును. కొందరు పోవువారిని సాగనంపవచ్చును. వస్తువులలో వేటిని విడిచినను విడువవచ్చును. వెనుక మిగులువారికి చెప్పకుండ మాత్రము పోరాదు. చెప్పి పోయినవాని యెడబాటు దుఃఖము కలిగించును; చెప్పక పోయినవాని యెడబాటు ఏండ్ల తరబడి గల్మలో కూర్చుండబెట్టును.