నొప్పి తెలియని గుండె

షుగరు వ్యాధి ముదిరితే కాళ్ళు తిమ్మిరెక్కుతాయనీ, ముల్లు గుచ్చుకున్నా తెలియదనీ మనమందరం ఎరుగుదుం. గుండెకు వెళ్ళే నరాలు కూడా అలాగే మొద్దుబారుతాయన్న సంగతి మాత్రం చాలామంది వినలేదు.

మా విచారణలో పన్నెండేళ్ళుగా షుగరు మాత్రలు వాడుతున్న పెద్దాయన ఒకరున్నారు. పూజలో మోకాళ్ళ మీద నుండి లేచినప్పుడల్లా ముందున్న బల్ల పట్టుకునేవారు. "వయసండీ, ఫాదర్ గారూ" అనేవారు. నేనూ అంతేననుకున్నాను, పొరబడ్డాను. ఒకనాడు నర్సమ్మ ఆయన్ను పడుకోబెట్టి బి.పి. చూస్తే 140, లేచి నిలబడిన రెండు నిమిషాలకు 110. మూడు నిమిషాల లోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే, నిలబడగానే రక్తనాళాలను బిగించవలసిన నరాలు దెబ్బతిన్నాయేమోనని అనుమానించాలి. బి.పి. మాత్రలు, ఒంట్లో నీరు తగ్గడం కూడా కారణాలు కావచ్చు గనుక డాక్టరుగారే తేల్చాలి.

అయితే ఇది ఆలస్యంగా కనబడే గుర్తు. ముందుగా చెడేది సాధారణంగా వేగస్ నాడి. గుండె వేగానికి కళ్ళెం వేసేది అదే. అది బలహీనపడితే ఊరకే కూర్చున్నా గుండె నిమిషానికి 100 సార్లు కొట్టుకోవచ్చు.

అంతకన్నా ముందే పట్టుకునే పరీక్ష ఉంది. ఇ.సి.జి. తీస్తుండగా ఐదు సెకండ్లు ఊపిరి పీల్చి, ఐదు సెకండ్లు వదలాలి, నిమిషానికి ఆరుసార్లు. పీల్చినప్పుడు గుండె వేగం పెరిగి, వదిలినప్పుడు తగ్గడం ఆరోగ్యం. ఆ తేడా 15 లేక అంతకు మించితే మంచిది, 10 లేక అంతకు తగ్గితే అనుమానం. వయసుతో ఈ తేడా ఎటూ తగ్గుతుంది గనుక దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. ఇటువంటి పరీక్షలను ఎడిన్‌బరోలో యూయింగ్, క్లార్క్ అనే వైద్యులు 1970, 80 దశకాల్లో ఒక క్రమంలో పెట్టారు. పరీక్షకు ముందు కాఫీ, పొగ మానాలి.

సెమినరీలో తర్కం చదివేటప్పుడు, కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు అని మా గురువులు పదే పదే చెప్పేవారు. ఇక్కడ అది ప్రాణం మీదికే వస్తుంది. ఈ నరాలు చెడినవారికి గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి రాకపోవచ్చు. ఆయాసం, చెమటలు, వాంతి, అకారణమైన నీరసం మాత్రమే ఉంటే "గ్యాసు" అని సోడా తాగి పడుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మా పెద్దాయనకు డాక్టరుగారు బి.పి. మాత్ర మోతాదు మార్చారు. ఇప్పుడాయన మంచం అంచున కాసేపు కూర్చుని గాని లేవరు. పూజలో మోకరించవద్దని నేనే చెప్పాను. ఇంకా వినడం లేదు.